ఇది పరీక్షలో వస్తుందా? చదువులో లోపలి ప్రేరణ, బయటి ప్రేరణల చిక్కుముడి

పాఠం మంచి పట్టులో నడుస్తూ ఉంటుంది. ఒకప్పుడు కలిసి ఉన్న ఖండాలు కోట్ల ఏళ్లలో ఎలా విడిపోయాయో ఉపాధ్యాయుడు బోర్డు మీద బొమ్మ గీసి చెబుతుంటాడు. వెనక వరుసలోంచి ఒక చెయ్యి లేస్తుంది. "సార్, ఇది పరీక్షలో వస్తుందా?" రాదంటే సగం కలాలు మూతపడతాయి. వస్తుందంటే తలలన్నీ పుస్తకాల్లోకి వంగుతాయి. రెండు సందర్భాల్లోనూ ఖండాల సంగతి వెనక్కి పోతుంది. ఈ ప్రశ్న అడిగిన విద్యార్థిని శ్రద్ధ లేనివాడని తీసిపారేయడం న్యాయం కాదు. తన చుట్టూ ఉన్న ఏర్పాటు దేనికి విలువ కడుతుందో కొన్నేళ్లుగా గమనించి, ఆ లెక్క ప్రకారం తన శ్రమను ఎక్కడ పెట్టాలో అతడు తేల్చుకుంటున్నాడు. నాలుగేళ్ల వయసులో కనిపించిన ప్రతిదాన్నీ పట్టుకుని "ఎందుకు?" అంటూ ఇంటిల్లిపాదినీ నిలదీసినవాడూ ఇతడే. ఆ "ఎందుకు" ఈ "వస్తుందా"గా ఎప్పుడు, ఎలా మారిందన్నదే మనం ఆలోచించవలసిన విషయం.

ఒక పని చేయడంలోనే ఆనందమో ఆసక్తో ఉండి, ఆ పని కోసమే దాన్ని చేస్తే మనస్తత్వశాస్త్రం దాన్ని అంతర్గత ప్రేరణ అంటుంది. పని వల్ల వచ్చే మరొకదాని కోసం, అంటే మార్కుల కోసం, బహుమతి కోసం, మెప్పు కోసం, శిక్ష తప్పించుకోవడం కోసం చేస్తే అది బాహ్య ప్రేరణ. నిర్వచనాలు ఇంత తేలికగా ఉండడం వల్లనే చిక్కు వచ్చింది. లోపలిది మంచిది, బయటిది చెడ్డది అని కొందరు, బహుమతీ భయమూ లేకపోతే పిల్లలు పుస్తకం ముట్టరని మరికొందరు తీర్మానించుకుని ఎవరి దారిన వాళ్లు పోతున్నారు. ఈ రెండూ ఒకే త్రాసులోని రెండు పళ్లాలని, ఒకటి లేస్తే రెండోది దిగుతుందని ఇద్దరూ అనుకుంటారు. మార్క్ లెపర్, జెనిఫర్ కార్పస్, షీనా అయ్యంగార్ 2005లో ప్రచురించిన అధ్యయనం ఈ ఊహనే కదిలించింది. అమెరికాలో 3వ తరగతి నుంచి 8వ తరగతి వరకు పిల్లలను పరిశీలిస్తూ వాళ్లు రెండు ప్రేరణలనూ విడివిడిగా కొలిచారు. తరగతి పెరిగేకొద్దీ అంతర్గత ప్రేరణ క్రమంగా తగ్గుతూ పోయింది. బాహ్య ప్రేరణలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే ఒకటి తగ్గినంత మాత్రాన రెండోది పెరగలేదు. ఒకే పిల్లవాడిలో రెండూ బలంగా ఉండవచ్చు, రెండూ బలహీనంగానూ ఉండవచ్చు. కనుక ఏది ఎక్కువ అని అడగడం కంటే, బయటి నుంచి మనం ఇచ్చేది లోపల ఉన్నదాన్ని ఏం చేస్తోంది అని అడగడమే సరైన ప్రశ్న అని నా అభిప్రాయం.

ఈ ప్రశ్నకు శాస్త్రంలో చోటు దొరకడానికి చాలా కాలం పట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో జంతువైనా మనిషైనా కదిలేది ఆకలి, దాహం, నొప్పి వంటి శారీరక అవసరాల వల్లనే అన్న నమ్మకం బలంగా ఉండేది. బహుమతి ఇస్తే ప్రవర్తన పెరుగుతుంది, శిక్షిస్తే తగ్గుతుంది, అంతటితో కథ ముగుస్తుంది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో హ్యారీ హార్లో కోతుల ముందు కొక్కెం, మేకు, గడియ కలిపిన చిన్న యంత్రాలను పెట్టినప్పుడు ఆ కథ అడ్డం తిరిగింది. విప్పితే తిండి దొరుకుతుందని కోతులకు ఎవరూ చూపలేదు. మెచ్చుకున్నవాళ్లూ లేరు. అయినా అవి రోజుల తరబడి ఆ గడియలను విప్పుతూ, నానాటికీ చేయి తిరిగినవయ్యాయి. 1950లో వెలువడిన పత్రంలో హార్లో దీన్ని ఆహారపు అవసరానికి సంబంధం లేని ప్రత్యేక ప్రేరణగా గుర్తించాడు. ఇదే వరుస ప్రయోగాల్లో తిండిని ప్రవేశపెట్టినప్పుడు కోతుల పనితనం మెరుగుపడకపోగా చెదిరిపోయింది.

మనుషుల మీద ఇదే ప్రశ్నను పద్ధతిగా వేసినవాడు ఎడ్వర్డ్ డెసీ. 1971లో ప్రచురించిన ఆయన మొదటి ప్రయోగంలో పాల్గొన్నవాళ్లు 24 మంది కళాశాల విద్యార్థులే. ఏడు ముక్కలను కలిపి కాగితం మీద చూపిన ఆకారాలను తయారు చేసే సోమా అనే ఆటను వాళ్లకు ఇచ్చారు. మొదటిసారి ఎవరికీ డబ్బు లేదు. రెండోసారి సగం మందికి పూర్తి చేసిన ఒక్కో ఆకారానికి ఒక డాలరు ఇచ్చారు. మూడోసారి మళ్లీ ఎవరికీ డబ్బు లేదు. ప్రతిసారీ మధ్యలో ప్రయోగకర్త ఏదో మిషతో 8 నిమిషాలు గది విడిచి వెళ్లేవాడు. బల్ల మీద పత్రికలు ఉండేవి. ఆ ఎనిమిది నిమిషాల్లో ఎవరూ చూడడం లేదనుకున్న విద్యార్థి ఏం చేస్తాడన్నదే అసలు కొలత. డబ్బు తీసుకున్నవాళ్లు, డబ్బు ఆగిపోయాక ఆ ముక్కలతో గడిపే సమయం మొదటి రోజు కంటే తగ్గింది. అదే పరిశోధనలోని మరో ప్రయోగంలో డబ్బుకు బదులు "చాలా బాగా చేశారు" అన్న మాట వాడినప్పుడు ఆసక్తి అలా పడిపోలేదు. డబ్బూ మాటా రెండూ బయటి నుంచి వచ్చినవే, కానీ అవి చేసిన పని ఒకటి కాదు. మున్ముందు వచ్చిన సిద్ధాంతమంతా ఈ తేడాను వివరించే ప్రయత్నమే.

రెండేళ్ల తరువాత, 1973లో, లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ కలిసి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని శిశు పాఠశాలలో చేసిన ప్రయోగాన్ని కొంచెం దగ్గరగా చూడాలి. రంగు స్కెచ్ పెన్నులతో బొమ్మలు వేయడమంటే సహజంగానే ఇష్టపడే చిన్నపిల్లలను ముందుగా గమనించి ఎంచుకున్నారు. వాళ్లను మూడు గుంపులు చేశారు. బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న ప్రశంసాపత్రం ఇస్తామని మొదటి గుంపుకు ముందే చెప్పి, అన్నట్టే ఇచ్చారు. రెండో గుంపుకు ఏమీ చెప్పకుండా బొమ్మ పూర్తయ్యాక అదే పత్రం చేతిలో పెట్టారు. మూడో గుంపుకు పత్రం ప్రసక్తే లేదు. ఒకటి రెండు వారాల తరువాత తరగతి గదిలో పెన్నులు, కాగితాలు మామూలుగా బల్ల మీద ఉంచి, ఎవరు ఎంతసేపు వాటితో గడుపుతారో అద్దం వెనక నుంచి చూశారు. ఏ పత్రమూ అందని పిల్లలు తమ ఆటసమయంలో 16.73 శాతం, అనుకోకుండా పత్రం అందుకున్నవాళ్లు 18.09 శాతం బొమ్మల మీద గడిపారు. ముందే ఒప్పందం కుదుర్చుకుని పత్రం అందుకున్న పిల్లలు గడిపింది 8.59 శాతం, అంటే దాదాపు సగం.

ఈ ప్రయోగాన్ని "బహుమతులు పిల్లలను పాడు చేస్తాయి" అని ఒక్క ముక్కలో చెప్పడం అలవాటైంది. రెండో గుంపును మరిచిపోతేనే ఆ మాట అనగలం. అదే నక్షత్రం, అదే రిబ్బను రెండో గుంపుకూ అందాయి. వాళ్ల ఆసక్తి చెక్కుచెదరలేదు. తేడా వచ్చింది "ఇది చేస్తే అది ఇస్తాం" అన్న మాట దగ్గర. తాను ఆ పని ఎందుకు చేస్తున్నాడో పిల్లవాడు తన ప్రవర్తనను చూసుకునే గ్రహిస్తాడని పరిశోధకుల వివరణ. ఇష్టమైన పనికి ఇష్టమే కారణంగా ఉన్నంతకాలం సరిపోతుంది. దానికి ఒప్పందం అనే మరో కారణాన్ని, అక్కర లేకపోయినా, పైన పేర్చితే పాత కారణం కింద పడి కనిపించకుండా పోతుంది. తరువాత ఒప్పందం తొలగిస్తే పిల్లవాడికి మిగిలింది కారణం లేని పని. ఇంగ్లీషులో దీన్ని ఓవర్‌జస్టిఫికేషన్ అంటారు. మన మాటల్లో, అవసరానికి మించిన సమర్థన.

ఈ ఫలితాల మీద వాదం ఏళ్ల తరబడి సాగింది. 1994లో జూడీ కెమరాన్, డేవిడ్ పియర్స్ అప్పటిదాకా జరిగిన 96 ప్రయోగాల ఫలితాలను ఒకచోట చేర్చి లెక్కగట్టి, బహుమతుల వల్ల చెప్పుకోదగ్గ నష్టం లేదన్నారు. 1999లో డెసీ, రిచర్డ్ కెస్ట్నర్, రిచర్డ్ రయాన్ 128 ప్రయోగాలతో అదే పని చేసి, వస్తురూపంలో ఉండి, ముందే చెప్పి, పనికి ముడిపెట్టిన బహుమతులు అంతర్గత ప్రేరణను తగ్గిస్తున్నాయని చూపారు. ఇద్దరూ పైకి ఎదురెదురుగా కనిపించినా వాళ్ల లెక్కలు కొన్నిచోట్ల కలుస్తాయి. మాటతో మెచ్చుకోవడం ఆసక్తిని పెంచుతుంది, అయితే ఆ ఫలితం కళాశాల విద్యార్థుల్లో కనిపించినంతగా చిన్నపిల్లల్లో కనిపించలేదు. అనుకోకుండా ఇచ్చిన బహుమతి హాని చేయదు. మరో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, మొదటి నుంచీ ఆసక్తి లేని పనిలో బహుమతి వల్ల తగ్గడానికి ఆసక్తే లేదు కనుక నష్టం కూడా కనిపించదు. బహుమతిని అసలే ముట్టకూడదనేవాళ్లూ, ప్రతిదానికీ బహుమతే మందు అనేవాళ్లూ కూడా ఈ చివరి మాటను పట్టించుకోకపోవడం నాకు బాధగా ఉంటుంది. చదువులో సహజంగా ఆసక్తి పుట్టించని భాగం చాలానే ఉంది. ఎక్కాలు, విభక్తి ప్రత్యయాలు, రసాయన మూలకాల సంకేతాలు మొదటి రోజే మనసు దోచుకోవు. పిల్లలు వాటిని కూడా నేర్చుకోవాలి.

ఇక్కడే డెసీ, రయాన్ అభివృద్ధి చేసిన స్వయం నిర్ణయ సిద్ధాంతం నిజంగా ఉపయోగపడుతుంది. 1985లో పుస్తకరూపం పొంది, 2000లో వాళ్లు రాసిన వ్యాసాలతో విస్తృతంగా తెలిసిన ఈ సిద్ధాంతం బాహ్య ప్రేరణను ఒకే ముద్దగా చూడదు. అది ఎంతవరకు మనిషి సొంతమైందన్న దాన్ని బట్టి నాలుగు మెట్లుగా విడదీస్తుంది. ఒకే రాత్రి, ఒకే గణితం లెక్కల ముందు కూర్చున్న నలుగురు విద్యార్థులను ఊహించుకోండి. ఒకడు చేయకపోతే రేపు నిలబెడతారని చేస్తున్నాడు. రెండో అమ్మాయిని ఎవరూ అడగలేదు, కానీ చేయకుండా పడుకుంటే తాను పనికిరానిదాన్నన్న భావం నిద్ర పట్టనివ్వదు. మూడోవాడికి లెక్కలంటే ప్రేమ లేదు, అయితే వంతెనలు కట్టే ఇంజనీరు కావాలన్న కోరిక ఉంది కనుక ఇవి రావాలని తానే నిశ్చయించుకున్నాడు. నాలుగో అమ్మాయికి మొదలుపెట్టిన పనిని శ్రద్ధగా ముగించడం తన స్వభావంలో భాగమైపోయింది. నలుగురూ బాహ్య ప్రేరణతోనే పని చేస్తున్నారు, ఎందుకంటే ఎవరూ లెక్కలోని ఆనందం కోసం కూర్చోలేదు. కానీ మొదటివాడికీ నాలుగో అమ్మాయికీ మధ్య ఉన్న దూరం, నాలుగో అమ్మాయికీ నిజంగా లెక్కలను ప్రేమించే పిల్లకూ మధ్య ఉన్న దూరం కంటే చాలా ఎక్కువ.

నలుగురిలోనూ పెద్దలు పొరబడేది రెండో అమ్మాయి విషయంలో. "మా అమ్మాయికి చెప్పక్కర్లేదండీ, తనే కూర్చుని చదువుకుంటుంది" అని తల్లిదండ్రులు నిండు మనసుతో చెప్పే పిల్లల్లో ఇలాంటివాళ్లు కొందరు ఉంటారు. బెత్తం బయట లేదు, లోపలికి వెళ్లి కూర్చుంది. సిగ్గు, అపరాధ భావం, ఇతరుల ముందు తలెత్తుకోవాలన్న ఆరాటం ఆ పిల్లను నడుపుతాయి. మార్కులు బాగానే వస్తాయి కనుక ఎవరికీ అనుమానం రాదు. ఇలాంటి ప్రేరణ ఆందోళనతోనూ, ఓటమి ఎదురైనప్పుడు తట్టుకోలేకపోవడంతోనూ ముడిపడి ఉంటుందని రయాన్, ఆయన సహచరులు పాఠశాల పిల్లల్లో గమనించారు. ఒక పరీక్ష పోతే మార్కులు పోయినట్టు కాక తానే పోయినట్టు కుంగిపోయే విద్యార్థి ఒక్కసారిగా అలా తయారు కాడు. తన విలువకూ తన మార్కులకూ మధ్య గీత చెరిగిపోయిన రోజునే అది మొదలవుతుంది. ఆ గీతను ఎవరూ కావాలని చెరపరు. మంచి మార్కులు వచ్చిన రోజు మాత్రమే ఇంట్లో కనిపించే వెలుగు చాలు దాన్ని చెరిపేయడానికి.

మొదటి మెట్టు నుంచి మూడో మెట్టుకు, అక్కడి నుంచి పైకి పిల్లలు ఎలా వెళతారు? ఈ సిద్ధాంతం ప్రకారం మూడు అవసరాలు తీరాలి. చేస్తున్న పని తన ఇష్టపూర్వకంగా చేస్తున్నానన్న భావన, చేయగలనన్న నమ్మకం, చుట్టూ ఉన్నవాళ్లు తనను తమ మనిషిగా చూస్తున్నారన్న భరోసా. మొదటిదాన్ని స్వేచ్ఛ అని అనువదించుకోగానే చాలామందికి పిల్లలను వాళ్ల మానాన వదిలేయడం గుర్తుకొస్తుంది. సిద్ధాంతం చెప్పింది అది కాదు. ఇతరులు చెప్పిన పనిని కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకుని చేయవచ్చు, అప్పుడు అది సొంత పనే అవుతుంది. అయ్యంగార్, లెపర్ 1999లో ప్రచురించిన ప్రయోగం దీనికి చక్కని నిదర్శనం. ఏడు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు అక్షరాలను తిరగేసి మాటలు కనిపెట్టే ఆట ఇచ్చి, ఏ రకం మాటలతో ఆడాలన్నది కొందరిని తామే ఎంచుకోమన్నారు, కొందరికి ప్రయోగకర్త ఎంచి ఇచ్చారు, మరికొందరికి మీ అమ్మ ఎంచిందని చెప్పారు. యూరప్ మూలాలున్న అమెరికన్ పిల్లలు సొంతంగా ఎంచుకున్నప్పుడు బాగా ఆడారు. ఆసియా మూలాలున్న పిల్లలు అమ్మ ఎంచిందన్నప్పుడు అందరికంటే బాగా ఆడారు. ప్రయోగకర్త రుద్దినప్పుడు మాత్రం రెండు వర్గాల పిల్లలూ వెనకబడ్డారు. ఎంపిక ఎవరు చేశారన్నదాని కంటే, చేసినవాళ్లు ఈ పిల్లవాడికి ఏమవుతారన్నది ఇక్కడ ఎక్కువ పని చేసింది.

రెండో అవసరమైన సామర్థ్యాన్ని మన చర్చల్లో తగినంతగా పట్టించుకోము. ఇష్టం ఉంటే చదువు వస్తుందంటాం. చదువు వస్తే ఇష్టం పుడుతుందన్నది కూడా అంతే నిజం, బహుశా చిన్న తరగతుల్లో ఇంకా ఎక్కువ నిజం. కెనడాలోని క్వెబెక్‌లో ప్రాథమిక పాఠశాల పిల్లలను కొన్నేళ్లపాటు వెంబడించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, గణితంలో ముందు బాగా రాణించినవాళ్లకు తరువాత గణితం మీద ఆసక్తి పెరిగినట్టు కనిపించింది. ముందు ఆసక్తి ఉండడం వల్ల తరువాత రాణించినట్టు మాత్రం కనిపించలేదు. ఒక్క అధ్యయనంతో అంతా తేలిపోదు గానీ, భిన్నాలు అర్థం కాక మూడేళ్లుగా వెనకబడిన పిల్లవాడికి గణితంలోని సౌందర్యం గురించి చెప్పడం వల్ల ఒరిగేది తక్కువ. అతనికి కావలసింది భిన్నాలు. ఓపికగా, మెట్టు మెట్టుగా, తాను దాటగలిగిన చిక్కును తానే దాటిన అనుభవం కావాలి. ప్రేరణ లేదని మనం పేరు పెట్టేదాంట్లో చాలా భాగం నిజానికి చాలాకాలం ఓడిపోయినవాడు మళ్లీ ఓడిపోకుండా చేసుకున్న ఏర్పాటు.

దిద్దిన నోటుపుస్తకాలు తిరిగి ఇచ్చే గంటలో ఇవన్నీ ఒక్కచోట కనిపిస్తాయి. ఉపాధ్యాయురాలు రాత్రి కూర్చుని ప్రతి వ్యాసం అంచున నాలుగు వాక్యాలు రాసి ఉంటుంది. ఇక్కడ నీ వాదన బాగుంది, దీనికి ఒక ఉదాహరణ చేర్చు, ఈ రెండు పేరాల మధ్య లంకె తెగింది. అట్టడుగున ఎర్ర సిరాతో, సున్న చుట్టి, ఒక అంకె. పుస్తకం చేతిలో పడగానే పిల్లవాడి వేళ్లు పుటలను కుడి చివర పట్టుకుని వెనక నుంచి తిరగేస్తాయి. కళ్లు సున్న మీద వాలతాయి, వెంటనే పక్కవాడి సున్న మీదికి వెళతాయి. పుస్తకం మూత పడుతుంది. అంచున రాసిన నాలుగు వాక్యాలు చదివే కళ్లు లేవు. 1988లో రూత్ బట్లర్ ప్రచురించిన అధ్యయనం ఈ దృశ్యాన్నే ప్రయోగంగా మలచిందని చెప్పవచ్చు. ఇజ్రాయెల్‌లోని బడిపిల్లల్లో ఒక గుంపుకు వాళ్ల పని మీద వ్యాఖ్యలు మాత్రమే, మరో గుంపుకు గ్రేడ్లు మాత్రమే, మూడో గుంపుకు రెండూ ఇచ్చారు. వ్యాఖ్యలు మాత్రమే అందుకున్నవాళ్లలో పని నాణ్యత, ఆసక్తి రెండూ మెరుగ్గా ఉన్నాయి. రెండూ అందుకున్నవాళ్లు మధ్యస్థంగా ఉంటారని మనం అనుకుంటాం. కానీ వాళ్లు గ్రేడ్లు మాత్రమే అందుకున్నవాళ్లతోనే జత కట్టారు. వ్యాఖ్య నీ పని ఎలా ఉందో చెబుతుంది, గ్రేడు నువ్వు ఎక్కడ ఉన్నావో చెబుతుంది. రెండూ పక్కపక్కన ఉంటే పిల్లలు రెండోదాన్నే వింటారు.

మార్కు పెడతామన్న మాట చదివే తీరును కూడా మారుస్తుంది. వెండీ గ్రోల్నిక్, రయాన్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో 5వ తరగతి పిల్లలకు ఒక పాఠ్యభాగం చదవడానికి ఇచ్చారు. దీని మీద పరీక్ష ఉంటుంది, మార్కు మీ టీచరుకు చెబుతామన్నప్పుడు పిల్లలు విషయాలను బాగానే కంఠస్థం చేశారు, కానీ భావాన్ని పట్టుకోవడంలో, ఇష్టంగా చదవడంలో వెనకబడ్డారు. వారం దాటాక అడిగితే కంఠస్థం చేసింది కూడా మిగతావాళ్ల కంటే ఎక్కువగా జారిపోయింది. ఏం నేర్చుకుంటారో చూద్దామని మాత్రమే చెప్పి, మార్కు ఉండదన్న గుంపు కంఠస్థంలోనూ తీసిపోలేదు, భావంలోనూ ముందుంది. నేర్చుకోమని దిశ చూపడంలో తప్పు లేదని, దాన్ని తీర్పుగా మార్చడమే నష్టమని దీన్నిబట్టి అర్థమవుతుంది. నలభై ఏళ్ల పరిశోధనలను కలిపి క్రిస్టఫర్ సెరసోలీ బృందం 2014లో లెక్కగట్టినప్పుడూ, ప్రోత్సాహకాలు పని పరిమాణంతో, అంతర్గత ప్రేరణ పని నాణ్యతతో ఎక్కువగా ముడిపడి ఉన్నాయని తేలింది. ఎన్ని లెక్కలు చేశాడన్నది కావాలంటే ఒక దారి, లెక్కను అర్థం చేసుకున్నాడా అన్నది కావాలంటే మరో దారి.

డబ్బు గురించి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. అమెరికాలోని పెద్ద నగరాల పాఠశాలల్లో రోలండ్ ఫ్రయర్ విద్యార్థులకు నేరుగా డబ్బిచ్చి చూసి, ఫలితాలను 2011లో ప్రచురించాడు. న్యూయార్క్‌లో పరీక్ష మార్కులకు, షికాగోలో తరగతి గ్రేడ్లకు డబ్బు ఇచ్చినా పరీక్షల్లో సాధించింది పెరగలేదు. డాలస్‌లో 2వ తరగతి పిల్లలకు చదివిన ఒక్కో పుస్తకానికి 2 డాలర్లు ఇచ్చినప్పుడు మాత్రం చదివి అర్థం చేసుకునే శక్తి మెరుగుపడింది. మార్కులు ఎలా పెంచుకుంటారని డబ్బు ఆశ ఉన్న పిల్లలను అడిగితే, వాళ్లు ప్రశ్నను జాగ్రత్తగా చదువుతాం, జవాబును మళ్లీ సరిచూసుకుంటాం అన్నారే తప్ప, మరింత చదువుతాం, అర్థం కానిది టీచరును అడుగుతాం అన్న మాట పెద్దగా రాలేదు. ఫలితానికి డబ్బు కడితే కోరిక పెరిగిందే గానీ దారి తెలియలేదు. పుస్తకం చదవడమన్నది మాత్రం పిల్లవాడి చేతిలో ఉన్న పని. ఈ ప్రయోగాల్లో అంతర్గత ప్రేరణ దెబ్బతిన్నట్టు ఆధారాలు పెద్దగా కనిపించలేదన్నదీ చెప్పుకోవాలి. బహుమతి అంటేనే భయపడేవాళ్లు ఈ ఫలితాన్ని దాటవేయకూడదు.

మెచ్చుకోలు డబ్బులా కాదు, హాని చేయదని పైన అన్నాను. దాంట్లోనూ ఒక మెలిక ఉంది. క్లాడియా మ్యూలర్, కెరొల్ డ్వెక్ 1998లో చూపినట్టు, ఒక పనిలో నెగ్గిన పిల్లలను "నువ్వు తెలివైనవాడివి" అని మెచ్చుకుంటే, తరువాత కష్టమైన పనిలో ఓడినప్పుడు వాళ్లు త్వరగా నీరుగారిపోయారు. ఆ తరువాత మొదటి స్థాయి పనినే మళ్లీ ఇచ్చినా మునుపటంత బాగా చేయలేకపోయారు. "బాగా కష్టపడ్డావు" అన్న మాట విన్నవాళ్లు అదే ఓటమి తరువాత మునుపటి కంటే మెరుగయ్యారు. తెలివి మీద పడిన మెప్పును నిలబెట్టుకోవాలంటే ఓడిపోయే చోటికి వెళ్లకుండా ఉండాలి. నేర్చుకోవడం మొత్తం ఉండేది అక్కడే.

ఇక ఆసక్తి లేని పాఠం సంగతి. డెసీ బృందం 1994లో ప్రచురించిన ప్రయోగంలో పాల్గొన్నవాళ్లకు ఇచ్చిన పని కంటే విసుగైనది ఊహించడం కష్టం. కంప్యూటర్ తెర మీద చుక్కలాంటి వెలుగు కనిపించినప్పుడల్లా ఒక మీట నొక్కాలి. కొందరికి మూడు విషయాలు జోడించారు. ఈ పని ఎందుకు పనికొస్తుందో కారణం చెప్పారు, ఇది విసుగ్గా ఉండవచ్చని ఒప్పుకున్నారు, "చేసి తీరాలి" అన్న ధోరణిని మాటల్లోంచి తీసేశారు. వీటిలో రెండైనా, మూడైనా ఉన్నప్పుడు, తరువాత తీరిక సమయంలో పాల్గొన్నవాళ్లు ఆ పనిని తమంతట తాము ఎక్కువగా కొనసాగించారు, అది తమకు విలువైనదేనని అన్నారు. ఇందులో బహుమతి లేదు, శిక్ష లేదు, పనిని ఆటగా మార్చే హంగూ లేదు. తరగతి గదిలో ఇందుకు పట్టే సమయం రెండు నిమిషాలు. ఎక్కాలు నేర్పే ముందు, "ఇది మొదట్లో విసుగ్గానే ఉంటుంది. కానీ ఇవి నోటికి వస్తే రేపు పెద్ద లెక్క మధ్యలో ఆగిపోయి వేళ్లు లెక్కపెట్టుకోనక్కర్లేదు, మనసంతా అసలు చిక్కు మీదే ఉంచవచ్చు" అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. విసుగు ఉందని ఒప్పుకోవడం బలహీనత అనుకుని చాలామంది ఉపాధ్యాయులు ఆ మాట అనరు. పిల్లలు మాత్రం ఆ మాట విన్నాక, తమకు తెలిసిన నిజాన్నే ఈయన కూడా చెబుతున్నాడని కొంచెం దగ్గరికి జరుగుతారు.

మార్కులను రద్దు చేసే అధికారం ఏ ఒక్క ఉపాధ్యాయుడికీ ఉండదు. అయితే పుస్తకం మార్కుతో పాటే తిరిగి రావాలన్న నియమం మాత్రం చాలాచోట్ల లేదు. వ్యాఖ్యలు రాసిన పుస్తకాలను ముందు ఇచ్చి, వాటి ప్రకారం ఒక పేరా తిరగరాయమని చెప్పి, మార్కులను మర్నాడు విడిగా ఇచ్చే పద్ధతిని నేను నా తరగతిలో పాటిస్తున్నాను. మొదటి వారం గోల చేశారు. ఎన్ని మార్కులో చెప్పండి సార్ అని వరండాలో వెంటపడ్డారు. మూడో వారానికి, పుస్తకం చేతికి అందగానే అలవాటుగా చివరి పుట తెరిచి, అక్కడ ఎర్ర సున్న లేకపోవడం చూసి, మళ్లీ మొదటి పుటకు వచ్చి అంచున రాసింది వేలు పెట్టి చదువుకునే పిల్లలు కనిపించసాగారు. వాళ్లలో ఒకడు తల ఎత్తి, "సార్, లంకె తెగింది అని రాశారు, ఎక్కడ తెగింది?" అని అడిగాడు.